చూస్తే చెప్పాలె

మస్కట్ దగ్గరి ఘాలా లేబర్ క్యాంపులో దేవయ్య ఉండే గదిలో వారమంతా అంట్లు ఎవరు తోమాలో పేకముక్కలు తేల్చేవి. పైసలు పెట్టి ఆడితే ఒమాన్‌లో జైలు, జైలు నుంచి నేరుగా విమానం. అందుకని అగ్గిపుల్లలు పెట్టేవాళ్లు. శుక్రవారం జుమ్మా నమాజుకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చి, అందరి భోజనాలూ అయ్యాక, సెంట్రింగు ప్లైవుడ్ ముక్కొకటి పెయింటు డబ్బా మీద వేసి చుట్టూ చేరేవాళ్లు. మనిషికిన్ని పుల్లలు. మూడు ముక్కలాట. పుల్లలన్నీ ఓడినవాడిదే ఆ వారం గిన్నెలు తోమే పీచూ, బూడిదా.

ఆట తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, మూడు ముక్కలు పంచుతారు, ఎవరివి వాళ్లే చూసుకుంటారు. చేతిలో మూడు ఆసులున్నా దిగులు ముఖం పెట్టవచ్చు. ఏమీ లేకున్నా మీసం దువ్వి పుల్లల మీద పుల్లలు పెంచుకుంటూ పోవచ్చు. అది మోసం కాదు, అదే ఆట. ఎదుటివాడి ముక్కలు దొంగచాటుగా చూడటం మోసం. ఈ రెండింటికీ మధ్య ఉన్న గీత చాలామంది పెద్దమనుషులకు జీవితకాలంలో అర్థం కాదు. దేవయ్యకు అది ఉలి అంచంత స్పష్టంగా తెలుసు.

ఆ గదిలో ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఇరుకు గది, పై మంచం కింది మంచం, నెత్తి మీద ట్యూబ్‌లైటు, గోడకు ఆనించిన స్టీలు పళ్లేలు. చూడొద్దనుకున్నా ఎదుటివాడి ముక్క ఏ పళ్లెంలోనో మెరిసి కంటబడుతుంది. అట్లా కంటబడితే వెంటనే "చూసిన" అని చెప్పాలి. తన ముక్కలు కింద పడేయాలి. అప్పటిదాకా తను మధ్యలో పెట్టిన పుల్లలు పోయినట్టే.

వచ్చిన కొత్తలో కుమార్ అనే నిజామాబాదు పిల్లగానికి ఇది మింగుడు పడలేదు.

"ఏందే దేవన్నా, గాడు సరిగ పట్టుకోకపోతే నా తప్పా? నా కండ్లు ఏడ పెట్టుకోవాలె, జేబులనా?"

"నీ తప్పు కాదురా. నువ్వు చూసుడు తప్పు కాదు. చూసి చెప్పకపోవుడు తప్పు."

"చెప్తే పుల్లలు పోతయ్ గదనే!"

"పుల్లలు పోతే గిన్నెలు తోముతవ్. నమ్మకం పోతే ఏం తోముతవ్?"

పక్క మంచం మీద నుంచి బాబు మియా పకపకా నవ్వాడు. కడప మనిషి, స్లాబులకు కమ్మీలు కట్టే పని. "తొందరగా ఒప్పేసుకో బ్బా. లేకుంటే ఈయప్ప ఇబ్రా కత మళ్లా మొదులు పెడతాడు. నేను ఇప్పటికి ఎన్నిసార్లు ఇన్నానో అల్లాకే ఎరుక."

ఇబ్రా కథ ఇది. దేవయ్యది కోరుట్ల దగ్గర ఊరు. వడ్రంగి ఇంట పుట్టాడు. తండ్రి చేసిన ఎడ్లబండి చక్రాలు ఆ చుట్టుపక్కల ప్రతి వాకిట్లోనూ తిరిగాయి. ట్రాక్టర్లు వచ్చాయి, బండ్లు వాకిట్లోనే నిలబడిపోయాయి. చెక్క పని చేసే చేతులకు ఊళ్లో పని లేదని తేలాక, 1988లో జగిత్యాల ఏజెంటును పట్టుకుని మస్కట్ దిగాడు. కంపెనీ మొదట ఇబ్రా అనే ఊళ్లో బడి కట్టే సైటుకు పంపింది. అక్కడ గదిలో అందరిదీ ఒకటే పొయ్యి, ఒకటే అన్నం గిన్నె. అక్కడా పేకాడేవాళ్లు. ఒకడు ఆసుల అంచు గోరుతో గీసి గుర్తు పెట్టుకున్నాడు. నెలల తరబడి వాడి గిన్నె వాడు తోమలేదు. సంగతి బయటపడిన రోజున గది రెండుగా చీలింది, ఆ వారానికే నాలుగుగా చీలింది. ఎవడి పొయ్యి వాడు కొనుక్కున్నాడు. ఎండలో రోజంతా కాంక్రీటు మోసి వచ్చి, ఒక్కడి కోసం వండుకునే ఓపిక లేక, అందరూ ఎండిన ఖుబూస్ రొట్టెలు టీలో ముంచుకుని తిన్నారు. జ్వరం వస్తే నీళ్లిచ్చే దిక్కు లేకపోయింది. మేనేజరు ఒక పూట జీతం కోసేస్తే, కలిసి వెళ్లి అడిగేందుకు ఇద్దరు మనుషులు కూడలేదు.

దేవయ్య అక్కడ నేర్చుకున్నది అదే. పేకముక్క దగ్గర పోయిన నమ్మకం అన్నం గిన్నె దగ్గరికి వస్తుంది, అక్కడి నుంచి జీతం దాకా వెళుతుంది. పనివాళ్లు ఒకరినొకరు నమ్మకపోవడం వల్ల లాభపడేది ఎవరో ఆయనకు ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేకపోయింది. ఘాలాకు బదిలీ అయ్యాక, కొత్త గదిలో మొదటి శుక్రవారమే, మొదటి ఆటలోనే, ఎదుటివాడి రాణి తన కంటబడిందని చెప్పి గెలిచే ముక్కలు కింద పడేశాడు. "సత్తెమంతుడు" అని గదంతా వెక్కిరించింది. ఆ వారం గిన్నెలు ఆయనే తోమాడు. కొన్నాళ్లకు వెక్కిరించినవాళ్లే చెప్పడం మొదలుపెట్టారు.

1995 ఎండాకాలంలో ఆ కట్టుబాటుకు అసలు పరీక్ష వచ్చింది.

ఊళ్లో పంచాయతీ ఎన్నికలు. సర్పంచు పదవి ఆడవాళ్లకు కేటాయించారు. దేవయ్య భార్య యాదవ్వ నిలబడింది. బీడీలు చుట్టే ఆడవాళ్లను కూడగట్టి, బీడీలకిచ్చే ఆకులో కోత పెట్టే కార్ఖానా సేటును ఒకసారి ఎండలో నిలబెట్టిన మనిషి ఆమె. ఎదురుగా నిలబడింది పాత పటేలు కోడలు. పేరుకు కోడలు, నడిపేది మామ.

దేవయ్య మస్కట్‌లో రువీ బజారుకు వెళ్లి ఫోన్ చేశాడు. కోరుట్లలో ఎస్టీడీ బూతు దగ్గర యాదవ్వ ముందే వచ్చి కూర్చుని ఉంది.

"ఎట్లున్నది ప్రచారం?"

"మంచిగున్నది గని, గా పటేలు మనుషులు ఏం జెప్తుండ్రో ఎర్కేనా? నువ్వు మస్కట్ల ఇంకోదాన్ని చేసుకున్నవట. నన్ను ఇడిసిపెట్టినవట. మొగడే ఇడిసిన ఆడిదానికి ఊరెట్ల అప్పజెప్తరని ఇల్లిల్లు తిరిగి అంటుండ్రు."

"ఎవడన్నడు? నేనొచ్చి వాని..."

"నువ్వొచ్చి ఎవలనేం జెయ్యకు. అచ్చి నా పక్కకు నిలబడు, గంతే. మాట్లాడుడు నేను మాట్లాడుత. నీకు మాట్లాడొస్తే నువ్వే నిలబడుదువు గదా."

ఫోన్ పెట్టేశాక దేవయ్య బజారులోనే నవ్వుకున్నాడు. క్యాంపుకు వచ్చేసరికి నవ్వు ఆరిపోయింది. కాంట్రాక్టు ప్రకారం ఆయన సెలవు ఎప్పుడో రావాలి. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. సెలవు ఇచ్చేదీ ఆపేదీ క్యాంపు సూపర్‌వైజరు గులాం నబీ నోటిమాట.

అదే వారం బాబు మియా కూడా సెలవు అడిగాడు. కడపలో ఆయన భార్య హుస్నా ఏళ్ల తరబడి ఇటుక ఇటుకా పేర్చి గోడలు లేపింది. ఇక స్లాబు పోయాలి. "మస్కట్లో ఎందరి ఇండ్లకో కమ్మీలు కట్టినా దేవన్నా," అన్నాడు. "మినిస్టరు ఇంటికి కూడా కట్టినా. నా ఇంటి స్లాబుకు యెవడో వచ్చి వంకర కమ్మీలు కడితే నేను ఈడ కూచోని యేడవల్లా?"

ఇద్దరి సెలవూ హక్కే. ఇద్దరికీ ఎప్పుడో ఇవ్వవలసిందే. గులాం నబీ ఏం చేశాడు? శుక్రవారం మధ్యాహ్నం గదికి వచ్చి, కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. హైదరాబాదు మనిషి, మాట తీపి.

"చూడుండ్రి భాయ్, కంపెనీ ఇప్పుడు ఒక్కనికే చుట్టీ ఇస్తది. నేను ఎవనికిచ్చినా ఇంకొకడు నన్ను తిడ్తడు. మీ రూమ్‌ల అన్నీ పత్తాల మీదనే తేలుస్తరంట గదా? ఇది గూడ తేల్చుకోండ్రి. గెలిచినోడు జహాజ్ ఎక్కుతడు. నాకు పంచాయితీ వద్దు."

నవ్వుతూ అన్నాడు. హక్కును బహుమతిగా మార్చి, ఇద్దరు స్నేహితుల మధ్యకు విసరడం ఎంత పాత విద్యో! విసిరినవాడు కుర్చీలో కూర్చుని చూస్తాడు, కొట్టుకునేది మిగతావాళ్లు. ఆ క్షణాన గదిలో ఎవరికీ ఇది తోచలేదు. ఏమీ రాకపోవడం కంటే సగం అవకాశం మేలనిపించింది. తప్పు చేశారు. ఆకలిగొన్నవాళ్లు చేసే తప్పే అది.

పుల్లలు చెరిసగం పంచుకున్నారు. ఎవరి పుల్లలు ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు. గదిలో మిగతావాళ్లంతా మంచాల మీదికి ఎక్కి చుట్టూ చేరారు. కుమార్ ముక్కలు పంచాడు.

ఆట చాలాసేపు అటూ ఇటూ ఊగింది. ఒకసారి దేవయ్యకు రెండు ఆసులూ ఒక జాకీ పడ్డాయి. ముఖంలో ఏమీ కనిపించనివ్వకుండా పుల్లలు పెంచాడు. బాబు మియా తగ్గలేదు. మళ్లీ పెంచాడు. ఇద్దరి పుల్లల్లో పెద్ద భాగం మధ్యకు చేరింది. ఈ ఆట గెలిస్తే దాదాపు అయిపోయినట్టే. యాదవ్వ పక్కన నిలబడినట్టే.

అప్పుడు బాబు మియా చెమట తుడుచుకోవడానికి చేయి ఎత్తాడు. గోడకు ఆనించిన స్టీలు పళ్లెంలో ఆయన ముక్కలు మూడూ తలకిందులుగా మెరిశాయి. ఆటీను తొమ్మిది, ఇస్పేటు ఆరు, కళావరు మూడు. ఏమీ లేదు. ఉత్త బెదిరింపు.

దేవయ్య చూశాడన్న సంగతి ఎవరూ గమనించలేదు. ఇది ఆయనకు తెలుసు. తన చేతిలో ఉన్నది ఎట్లాగూ గెలిచే ముక్కలే. చూడకపోయినా గెలిచేవాడు. ఇక్కడ నోరు మూసుకోవడం ఎవరికి అన్యాయం? ఇట్లా వాదించుకోవడానికి మనసుకు బోలెడు దారులుంటాయి. ఆయన కాసేపు ప్లైవుడ్ వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఆడు న్నా, నిద్దరబోతాండావా?" అన్నాడు బాబు మియా.

"చూసిన," అన్నాడు దేవయ్య.

"ఏంది?"

"నీ ముక్కలు చూసిన బాబు భాయ్. గా పళ్లెంల కనవడ్డయ్." తన ముక్కలు వెల్లకిలా పడేశాడు. రెండు ఆసులు. మధ్యలోని పుల్లలన్నీ బాబు మియా వైపు నెట్టాడు.

కుమార్ తలకొట్టుకున్నాడు. "నీ యవ్వ, సెలవే దేవన్నా! గిన్నెలు గాదు, సెలవు!"

గులాం నబీ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "వాహ్. ఐసా ఆద్మీ భీ హై దునియా మే. ఇసొంటోడు గూడ ఉన్నడు లోకంల. కానియ్యుండ్రి." లేచి, కాళ్లు పట్టేశాయన్నట్టు నాలుగడుగులు వేసి, దేవయ్య వెనక మంచం దగ్గర నిలబడ్డాడు.

మళ్లీ ముక్కలు పడ్డాయి. దేవయ్య దగ్గర గుప్పెడు పుల్లలు మిగిలాయి. ఈసారి ఆయనకు చిన్న ముక్కలు వచ్చాయి. అయినా వెన్ను నిటారుగా పెట్టి, ఉన్న పుల్లలన్నీ ఒక్కసారిగా ముందుకు తోశాడు. దమ్ముంటే రా అన్నట్టు బాబు మియా కళ్లలోకి చూశాడు.

బాబు మియా తన ముక్కలు చూసుకున్నాడు. రాజు పెద్దగా ఉంది, జత లేదు. పడేయాలా, ఎదురు నిలవాలా? తలెత్తితే దేవయ్య భుజం మీదుగా గులాం నబీ కనిపించాడు. సూపర్‌వైజరు బొటనవేలు కిందికి చూపిస్తూ, తల అడ్డంగా ఊపి, కన్ను గీటాడు. ఏమీ లేదు, కొట్టెయ్ అని.

ఎందుకో బాబు మియాకు అర్థమైంది. రేపటి స్లాబుతో ఈ బిల్డింగుకు కమ్మీ పని అయిపోతుంది, పక్క కొత్త బిల్డింగులో ముందు సెంట్రింగు పని మొదలవ్వాలి. దేవయ్య లేకపోతే ఆ పైకప్పు చెక్క నిలబెట్టే మేస్త్రీ ఇంకొకడు లేడు. దేవయ్యను పంపాలన్న ఉద్దేశం సూపర్‌వైజరుకు మొదటి నుంచీ లేనేలేదు. కాస్త ఎదురు నిలిస్తే చాలు, హుస్నా కట్టిన గోడల మధ్య నిలబడతాడు. తన చేతులతో తన ఇంటి కమ్మీలు కడతాడు.

బాబు మియా ముక్కలు కింద పెట్టాడు.

"చూసినా," అన్నాడు.

దేవయ్య ఉలిక్కిపడి తన ముక్కల వైపు చూసుకున్నాడు. "ఏడ? నేను బోర్లనే పట్టుకున్న గదనే!"

"నా కండ్లతో కాదు న్నా. సూపర్‌వైజరు సాబు కండ్లతో చూసినా. నీ ఎనకాల నిలబడి నాకు సైగ చేసినాడు."

అందరి తలలూ ఒక్కసారి అటు తిరిగాయి. గులాం నబీ బొటనవేలు ఇంకా పూర్తిగా మడవలేదు.

"క్యా బక్‌రే తూ?" అన్నాడు. ముఖం నల్లబడింది. "నీకే ఫాయిదా అవుతుంటే..."

"అదే గదా సాబూ," అన్నాడు బాబు మియా. "ఈయప్ప రెండు ఆసులు పారేసినాడు నాకోసం. నేను నీ బొటనేలు పట్టుకోని ఇంటికి పోతే, నా ఇంటి స్లాబు కింద నాకు నిద్దర పడ్తాదా?"

కుమార్ పేక కట్టనంతా తీసి ప్లైవుడ్ మీద వెదజల్లాడు. ఇంతసేపూ ఎవరికీ తోచని మాట ఇప్పుడు అందరికీ ఒక్కసారి తోచింది. దాన్ని నోటితో అన్నది దేవయ్య.

"అసలు మనం ఏం మీద ఆడుతున్నం? సెలవు గాయన జేబుల సొమ్మా? మన ఇద్దరిదీ మనకు రావలసిందే. మనది మనం ఒకని దగ్గర ఒకడు గుంజుకునుడేంది?"

గులాం నబీ తలుపు దగ్గరికి వెళ్లి తిరిగాడు. "పత్తాలు ఆడుతుండ్రని ఒక్క ఫోన్ కొడితే, రేపు ఈ రూమ్‌ మొత్తం జైల్ల ఉంటది. యాద్ రఖో." తలుపు ధడాలున వేసి వెళ్లాడు.

మరునాడు శనివారం. తెల్లవారుతూనే స్లాబు పోయాలి. ఎండాకాలంలో కాంక్రీటు ఎండ ముదరకముందే పోసేయాలి. రెడీమిక్స్ లారీలు బయల్దేరాక వెనక్కి తిప్పలేరు, డ్రమ్ములోనే గట్టిపడిపోతుంది. ఈ సంగతి గదిలో అందరికీ తెలుసు. కుమార్ కళ్లు మెరిశాయి.

"దేవన్నా, గిట్ల చేద్దం. పొద్దుగాల ఏం తెల్వనట్టు పోదం. స్లాబు సగం పోసినంక పారలు కింద పెడ్దం. అప్పుడు కంపెనీ కాళ్ల మీద పడ్తది."

కొందరు "అదీ మాట" అన్నారు. దేవయ్య తల ఊపలేదు.

"సగం పోసి ఆపితే ఆ స్లాబు పనికి రాదు, పగలగొట్టాలె. అది మన చేతులతో కట్టిన పని. పైంగ, అది ముక్క దాచుకుని ఆడుడే గదరా. మనం చేసేది మన పని. చెప్పి చేద్దం. రేపు బస్సు ఎక్కేది లేదని ఇయ్యాల్నే మేనేజరుకు చెప్దం."

"చెప్తే రాత్రికి రాత్రి వేరే క్యాంపు నుంచి మందిని తెస్తరు!"

"తెస్తే తేనీ. మనం దొంగలం కాదని తెలుస్తది."

చాలాసేపు గొడవ పడ్డారు. ముందే చెప్పడం అంటే చేతిలోని ఒక్క ఆయుధాన్నీ ఎదుటివాడికి చూపించడమే. ఉద్యమాల్లో ఆరితేరినవాళ్లు కూడా ఇక్కడ రెండుగా చీలుతారు. చివరికి గది దేవయ్య మాట మీద నిలిచింది. ఆ మనిషి ఏ లెక్క మీద మాట్లాడతాడో ఆ మధ్యాహ్నమే రెండు ఆసుల రూపంలో చూశారు కాబట్టి నిలిచింది.

బస్సు డ్రైవరు ఖమరుద్దీన్ పొద్దు గుంకకముందే దేవయ్యనూ బాబు మియానూ పికప్‌లో అజైబాలోని మేనేజరు ఇంటికి తీసుకెళ్లాడు. మేనేజరు అబ్దుల్ వహాబ్ ఇబ్రాకు చెందిన ఒమానీ, మాట కరుకు. గేటు దగ్గరే నిలబెట్టి విన్నాడు. ఇద్దరి సెలవూ ఇచ్చేదాకా రేపు తమ గదివాళ్లెవరూ బస్సు ఎక్కరని ఖమరుద్దీన్ అరబ్బీలో చెప్పాడు, దేవయ్యా బాబు మియా హిందీలో అందుకున్నారు.

"నన్ను బెదిరిస్తున్నారా?" అన్నాడు మేనేజరు.

"లేదు సాబ్," అన్నాడు దేవయ్య. "బెదిరించేటోడు రేపు చెప్తడు. మీరు కావాలంటే కాంక్రీటు ఆపుకోవచ్చు, అందుకే ఇయ్యాల చెప్తున్నం."

మేనేజరు లోపలికి తిరిగాడు. గేటు మూసుకుంది.

తెల్లారింది. క్యాంపు ముందు బస్సులు ఇంజన్లు ఆన్ చేసుకుని నిలబడ్డాయి. దేవయ్య గదివాళ్లు బూట్లు వేసుకుని, హెల్మెట్లు చేతుల్లో పట్టుకుని బస్సు పక్కన నిలబడ్డారు, ఎక్కలేదు. సంగతి ఎట్లా పాకిందో, పక్క గదివాళ్లూ ఎక్కలేదు. సెలవు రావలసి ఉండీ రానివాళ్లు ప్రతి గదిలోనూ ఉన్నారు మరి. మలయాళీలు వచ్చి అడిగారు, బెంగాలీలు వచ్చి అడిగారు. విన్నాక వాళ్లూ అక్కడే నిలబడ్డారు. గులాం నబీ ఒక్కొక్కరి ముఖం మీదికి వెళ్లి అరిచాడు. ఎవరూ ఎదురు అరవలేదు. ఖమరుద్దీన్ ఖాళీ బస్సు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, లోకంలో ఇంతకంటే మంచి బస్సు తను నడపలేదన్నట్టు కూర్చున్నాడు.

మేనేజరు కారు వచ్చి ఆగింది. దిగీ దిగగానే గులాం నబీ పరుగెత్తాడు. "సార్, వీళ్లు జూదం ఆడేవాళ్లు. నిన్న పత్తాలతో పట్టుకున్నా. అందుకే నా మీద కక్ష. పోలీసులకు చెప్పాలి."

అబ్దుల్ వహాబ్ దేవయ్య వైపు తిరిగాడు. "నువ్వు పేకాడావా?"

లేదంటే ఇతని మాటకు అతని మాట. అవునంటే జైలు, ఎన్నికలూ లేవు, స్లాబూ లేదు. వెనక నుంచి కుమార్ "లేదను, లేదను" అని సణుగుతూనే ఉన్నాడు.

"ఆడిన సాబ్," అన్నాడు దేవయ్య. "పైసలు పెట్టలే. అగ్గిపుల్లలు పెట్టినం. చుట్టీ మీద ఆడుమని ఈయన అన్నడు, ఆడినం. ఆడుడు మా తప్పు. ఆడుమనుడు ఈయన తప్పు."

"నేనూ ఆడినా," అన్నాడు బాబు మియా. "ఈయన ఆయప్ప పత్తాలు నాకు సైగ చేసి చూపించినాడు. ఖురాన్ మీద చెయ్యి పెట్టమంటే పెడ్తా."

"పంచింది నేను," అన్నాడు కుమార్, గొంతు కీచుమన్నా సరే, ముందుకు వచ్చి. ఆ వెనక మంచాల మీద నుంచి చూసిన ప్రతివాడూ "చూసినం, చూసినం" అన్నాడు.

మేనేజరు గులాం నబీని అరబ్బీలో ఏదో అడిగాడు. గులాం నబీ నీళ్లు నమిలాడు. మేనేజరు మళ్లీ అడిగాడు, ఈసారి అందరికీ అర్థమయ్యే హిందీలో. "తనకు నష్టమని తెలిసీ ఆడానంటున్నాడు. ఇట్లాంటివాడు నీ మీద అబద్ధం ఎందుకు చెబుతాడు?"

గులాం నబీ ఖాళీ బస్సుల వైపు చూశాడు.

ఇక్కడ ఒక్క నిజాయితీయే గెలిచిందని రాస్తే నేను కూడా ముక్క దాచినట్టే. ప్లాంటు దగ్గర రెడీమిక్స్ లారీలు కాచుకుని ఉన్నాయి, ఎండ పైకి వస్తోంది, బస్సులన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆ నిలబడ్డ జనం లేకపోతే దేవయ్య నిజం గేటు దగ్గరే ఆగిపోయేది. కానీ ఆ జనం నిలబడిందీ ఆయన మాట నమ్మే కదా. రెండూ కలిసే మేనేజరు చేత ఆ మాట అనిపించాయి.

"ఇద్దరూ వెళ్లండి. ఈ వారమే. ఇక నుంచి సెలవు వరుసలో వస్తుంది, ముందు బాకీ పడ్డవాడికి ముందు. క్యాంపు పని ఇంకొకరికి ఇస్తున్నా." గులాం నబీ వైపు చూడలేదు. "ఇప్పుడు నా స్లాబు పోస్తారా?"

ఒక్కసారిగా లేచిన అరుపు అజైబా దాకా వినిపించి ఉంటుంది. బస్సుల్లోకి తోసుకుంటూ ఎక్కారు. కిటికీల్లోంచి హెల్మెట్లు బాదారు. ఖమరుద్దీన్ సైటు దాకా హారన్ మీద నుంచి చేయి తీయలేదు. స్లాబు ఒక్క అతుకు లేకుండా ఒకే ఊపులో పోశారు. బాబు మియా కట్టిన కమ్మీల మీద, దేవయ్య కొట్టిన చెక్కల మీద కాంక్రీటు పరుచుకుంటుంటే, కుమార్ ఎవరికీ తెలియని పాట ఒకటి గట్టిగా పాడాడు. మలయాళీలు చప్పట్లు కొట్టారు.

దేవయ్య ఊరికి వెళ్లాడు. యాదవ్వ వెంట వాడ వాడా తిరిగాడు, నోరు మెదపలేదు. "గీయనే నా మొగడు. చూసిండ్రు గదా? ఇగ నా మాట ఇనుండ్రి," అని మొదలుపెట్టేదట ఆమె ప్రతి వాకిట్లోనూ. పాత పటేలు కోడలు ఓడింది. బీడీ చుట్టే ఆడవాళ్లు యాదవ్వకు గులాలు పూసి ఊరంతా తిప్పారు. కడపలో హుస్నా ఇంటి స్లాబులో కమ్మీలు బాబు మియా చేతివే.

సెలవు ముగించుకుని దేవయ్య ఘాలాకు తిరిగి వచ్చేసరికి గదిలో కుమార్ తాడు కట్టిన సూట్‌కేసు మీద కూర్చుని ఉన్నాడు. వరుసలో ముందున్నవాళ్లు వెళ్లాక ఆ క్యాంపులో ఇప్పుడు వాడి వంతు. ఒక్క ముక్క తిప్పకుండా, ఒక్క మనిషి కాళ్లూ పట్టుకోకుండా వచ్చిన సెలవు.

"సర్పంచమ్మ మొగడు అచ్చిండు, జరుగుండ్రి!" అని అరిచి, లేచి సూట్‌కేసు నెత్తిన పెట్టుకున్నాడు. "దేవన్నా, బస్సు దాకా సాగనంపుతవా?"

"నడువు. ఒక పక్క నేను పట్టుకుంట," అన్నాడు దేవయ్య.